మా కొండ ఆకులు తీసుకెళ్ళారు, ఫలితం తెచ్చివ్వండి: మూలికల జన్యు పరిశోధకులకు, అధికారులకు బహిరంగ లేఖ

కొండ మూలికల జన్యు వైవిధ్యం మీద పని చేస్తున్న శాస్త్రవేత్తలకు, ఆ పనికి నిధులూ అనుమతులూ ఇచ్చే అటవీ, ఔషధ మొక్కల, జీవవైవిధ్య విభాగాల అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. పాలకొండల కింద ఒక పల్లెలో ముప్పై ఒక్క ఏళ్ళు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీలో సభ్యుణ్ణి. ఈ లేఖలో ఉన్న సంగతులే 2021 నుంచి మూడుసార్లు రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. రెండింటికి జవాబు రాలేదు. మూడోదానికి ‘తగు చర్య నిమిత్తం సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక వాక్యం వచ్చింది. ఆ విభాగం ఏదో, ఆ చర్య ఏదో ఈ రోజుకూ మాకు తెలియదు. అందుకని అందరి ముందూ పెడుతున్నాను. మీ శాస్త్రం మీద నాకు గౌరవం ఉంది. పిల్లలకు మెండెల్ బఠాణీల పాఠం చెప్పి బతికినవాణ్ణి. ఆ గౌరవంతోనే అడుగుతున్నాను.

నేను ముఖ్యంగా ఒక మొక్క గురించి మాట్లాడుతున్నాను. ఎండాకాలం రాయలసీమలో ఏ బస్టాండులో దిగినా నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇచ్చే నన్నారి షర్బత్తు ఆ మొక్క వేరుదే. కొందరు మారేడు గడ్డలంటారు, కొందరు మారేడు కొమ్ములంటారు, బర్రె సుగంధి అనేవాళ్ళూ ఉన్నారు. శివుడి పూజకు దళాలు కోసే మారేడు చెట్టుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు, పేరే కలిసింది. శాస్త్రవేత్తలు డెకాలెపిస్ హామిల్టోనియై అంటారు. దక్షిణ భారతంలో తప్ప లోకంలో ఇంకెక్కడా తనంత తాను పెరగదు. మనకు శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, నల్లమలలో రాతి సందులను పట్టుకుని పాకే తీగె. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎరుపు జాబితాలో ఇది ప్రమాదంలో ఉన్న జాతి. గడ్డ విరిస్తే చేతికంటే వాసన వెనిలా వాసనకు దగ్గరగా ఉంటుంది. అందుకు కారణం ఉంది. వెనిలాలో ఉండే వెనిలిన్‌లో ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో దీని వాసన పదార్థంలోనూ అవే అన్ని ఉన్నాయి, అమరిక ఒక్కటే వేరు. ఆకలి పుట్టడానికి, ఒంట్లో వేడి తగ్గడానికి, రక్తశుద్ధికి అని మా పెద్దలు వాడారు. ఊరగాయ పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు.

ఈ మొక్కకు వచ్చిన కష్టమంతా దాని వేరుతోనే. ఉసిరికాయ కోసుకున్నా, కుంకుడుకాయ ఏరుకున్నా చెట్టు నిలబడే ఉంటుంది. నన్నారిలో అమ్ముడుపోయేది గడ్డే కాబట్టి తవ్వితే తీగె పోతుంది. తెలిసినవాళ్ళు మొదలు దగ్గర ఒక గడ్డ వదిలి, మట్టి కప్పి, పైన రాయి పెట్టి వచ్చేవాళ్ళు. రెండు మూడేళ్ళకు మళ్ళీ తిరుక్కునేది. రాత్రికి రాత్రి లారీ దిగి గడ్డపారలతో కొండెక్కే కూలీలకు ఆ తీరికా లేదు, ఆ కొండతో సంబంధమూ లేదు. నా చిన్నప్పుడు యానాది ఆడవాళ్ళు మా వీధికి గంపల్లో తెచ్చి వడ్లకు మార్చేవాళ్ళు. పొద్దున కొండెక్కితే మధ్యాహ్నానికి గంప నిండేది. ఇప్పుడు రెండు రాత్రులు అడివిలో పడుకుంటేగానీ సగం సంచి కాదని వాళ్ళ మనవళ్ళు చెబుతున్నారు.

2018 వేసవిలో ఒక పరిశోధక విద్యార్థి మా ఊరు వచ్చాడు. నెమ్మదస్తుడు, కష్టపడే పిల్లవాడు. మా ఊరి యానాది పెద్దాయన ఒకరు నాలుగు రోజులు అతని ముందు నడిచి ఏడు చోట్ల నన్నారి తీగెలు చూపించాడు. ఒక్కో తీగె నుంచి రెండేసి లేత ఆకులు కోసి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన కవర్లలో పెట్టి, నంబరు రాసి, జీపీఎస్ గుర్తు తీసుకున్నాడు ఆ అబ్బాయి. చివరి రోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని పెద్దాయన నన్ను అడిగాడు, “ఈ ఆకుల్లో ఏం కనబడుతుంది అయివారూ?” అని.

నాకు తోచినట్టు చెప్పాను. రెండు మందలు కలిసిపోతే చెవిగాటు చూసి ఎవరి గొర్రెలను వాళ్ళు విడదీసుకుంటారు కదా, మొక్కకు కూడా లోపల అలాంటి గాట్లుంటాయి, కంటికి కనబడవు, వాటిని చదివే యంత్రాలున్నాయి అన్నాను. ఏ తీగె ఏ కొండ వంశమో, ఏవి దగ్గరి చుట్టాలో, ఏ గుంపులో కొత్త నెత్తురు చేరడం ఆగిపోయిందో తెలుస్తుంది అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “తెలిసినాక మాకు చెప్తారా?” అన్నాడు. చెప్తారు అన్నాను.

ఆ మాట ఇచ్చింది నేను. ఆ ఆకులు ఏమయ్యాయో, వాటి నుంచి ఏం తేలిందో మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. పెద్దాయన ఇప్పుడు కొండ ఎక్కలేడు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం అడుగుతాడు.

నేను గాట్లన్నవాటినే శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ మార్కర్లు అంటారు. చదివేవాళ్ళలో ఇవంటే తెలియనివాళ్ళు ఉంటారు కాబట్టి రెండు మాటలు. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు ‘జీఏ జీఏ జీఏ’ అన్నట్టు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక మొక్కలో పదిసార్లు, ఇంకో మొక్కలో పద్నాలుగుసార్లు వస్తాయి. ఇవి మైక్రోశాటిలైట్లు. తల్లి వైపు నుంచి వచ్చినదీ తండ్రి వైపు నుంచి వచ్చినదీ రెండూ విడిగా కనబడతాయి కాబట్టి చుట్టరికం లెక్క కట్టడానికి ఇవి బాగా పనికొస్తాయి. ఇలాంటి రెండు వరసల మధ్య ముక్కను చూసేవి ఐఎస్‌ఎస్‌ఆర్ మార్కర్లు. పది అక్షరాల చిన్న తునకలతో ఎక్కడ అతుక్కుంటే అక్కడ చూసేది ఆర్‌ఏపీడీ. అది చౌక, కానీ ఒక ల్యాబులో వచ్చిన గీతలు ఇంకో ల్యాబులో అలాగే రావు. డీఎన్‌ఏ వేలిముద్రల విద్యకు మన దేశంలో పుట్టిల్లు హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన చేసే సీసీఎంబీయే. అంటే ఈ విద్య మనకు దూరదేశపు విద్య కాదు, బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్ళోది.

ఇదే రకం విద్య వరి పొలానికి ఎలా చేరిందో చూడండి. బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరిని ఎండాకు తెగులు తినేస్తుంటే, సీసీఎంబీ వాళ్ళూ హైదరాబాదు వరి పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి డీఎన్‌ఏ మార్కర్ల సాయంతో తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. 2008లో ఇంప్రూవ్డ్ సాంబమసూరిగా విడుదల చేశారు. రైతు చేతికి విత్తనం సంచి వచ్చింది. ఆ రైతు మార్కరు పేరు తెలుసుకోనక్కర లేదు. తెగులు రాని మడి చూసుకుంటే చాలు. కొండ మూలికల విషయంలో ఆ చివరి మెట్టు ఎవరూ కట్టలేదు. పరిశోధన ఆకు దగ్గర మొదలై ఇంగ్లీషు పత్రిక దగ్గర ఆగిపోతోంది.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మూలికల మీద మార్కర్ల పని అని వెతికితే, అందులో పెద్ద భాగం టిష్యూకల్చర్ మొక్కలు, అంటే ల్యాబులో చిన్న ముక్క నుంచి పెంచినవి, తల్లి మొక్కకు అచ్చు నకళ్ళేనా అని సరిచూసే పని. నన్నారి మీద కూడా అలాంటివి వచ్చాయి. కంపెనీకి, పెద్ద తోటకు అది అవసరమే, కాదనను. వరిలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, తీసేసినట్టు తోటలో అన్నీ ఒకేలా ఉండాలి. కానీ కొండకు కావలసింది సరిగ్గా దీనికి ఎదురు. అక్కడ ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. ఒక ఏడు ఎండకు తట్టుకునేది, ఒక ఏడు పురుగుకు తట్టుకునేది, రాతిలో వేరు దించగలిగేది, అన్నీ కలిసి ఉంటేనే గుంపు నిలుస్తుంది. ‘అన్నీ ఒకటే’ అని సర్టిఫికెట్ ఇచ్చిన మొక్కలనే తెచ్చి కొండ మీద నాటితే, పోయిన అడివిని తిరిగి నిలబెట్టినట్టు కాదు.

మామూలు జనానికి దీనివల్ల జరుగుతున్న నష్టం ఇది:

1. ఎక్కడి విత్తనమో తెలియని మొక్క. మా పక్క వాలులో ఒక పథకం కింద నన్నారి మొక్కలు నాటారు. కూలికి వెళ్ళింది మా ఊరివాళ్ళే. గుంతలు సరిగ్గానే తీశారు, నీళ్ళూ పోశారు. రెండో వేసవి దాటేసరికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అవి జన్యువుల వల్లే పోయాయని నేను అనను. వాన లేకపోవడమూ కారణమే. కానీ విత్తనం ఏ కొండదని అడిగితే నర్సరీలో ఎవరూ చెప్పలేకపోయారు. అసలు ఆ ప్రశ్న వాళ్ళను అంతకుముందు ఎవరూ అడగలేదట. తడి ఎక్కువ ఉండే కొండ విత్తనాన్ని ఎండిన రాతి వాలులో పెట్టారో లేదో తేల్చడానికి దారే లేదు. డబ్బు పోయింది, రెండేళ్ళు పోయాయి, ‘నన్నారి ఇక్కడ బతకదు’ అని ఒక అపవాదు మిగిలింది.

2. మేనరికం మీద మేనరికం. ఈ మాట మన ఇళ్ళలో అందరికీ తెలుసు కాబట్టి చెబుతున్నాను. ఒకప్పుడు గుట్ట నుంచి గుట్టకు తీగెలు వరసగా ఉండేవి. పుప్పొడి, దూది పింజె కట్టిన విత్తనాలు అటూఇటూ పోయేవి. మధ్యలో రోడ్డు, క్వారీ, తవ్వకం వచ్చి గుంపులు విడిపోయాయి. పదిహేను తీగెలు మిగిలిన గుట్టలో పుట్టే ప్రతి మొక్కా దగ్గరి చుట్టాల బిడ్డే. పైకి పచ్చగా ఉంటుంది. కాయలు తగ్గుతాయి, తాలు విత్తనం పెరుగుతుంది, మొలిచినదీ నిలవదు. కంటితో చూసి ‘ఈ గుట్టలో ఇంకా ఉన్నాయిలే’ అనుకునేటప్పటికే గుంపు లోపల ఖాళీ అయి ఉండవచ్చు. దాన్ని ముందుగా చెప్పగలిగేది మీ మార్కర్లే. మాకు చెప్పకపోతే, ఆ గుట్టనే మా వాళ్ళు వచ్చే వేసవిలో తవ్వుతారు. వేరే గుట్ట తవ్వుకోమని చెప్పడానికి వాళ్ళకు ఆధారం ఎవరిచ్చారు?

3. తవ్వేవాడి మీద కేసు, తెప్పించేవాడి మీద ఏమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అడివిలో బతికేవాళ్ళకు హక్కు ఇచ్చింది. ఎక్కడ ఎంత తవ్వితే గుంపు నిలుస్తుందో లెక్క లేకపోవడంతో క్షేత్రస్థాయిలో ఆ హక్కు సిబ్బంది ఇష్టాయిష్టాల మీద నడుస్తోంది. ఒక ఏడు చూసీ చూడనట్టు పోతారు, ఒక ఏడు గడ్డల సంచితో కనబడిన ఆడమనిషిని స్టేషనుకు తీసుకెళ్తారు. ‘ఈ మూడు గుట్టలు ఐదేళ్ళు ముట్టవద్దు, ఆ రెండింటిలో తవ్వుకోవచ్చు, మొదలు గడ్డ వదలాలి’ అని ఆధారంతో చెబితే ముందుగా పాటించేది మా వాళ్ళే. వాళ్ళకు అది మనవళ్ళ కూడు.

4. సంచిలో ఉన్నది ఏమిటో తెలియదు. ఆయుర్వేదంలో శారిబ అంటే సుగంధిపాల వేరు. అంగడిలో శారిబ పేరుతో నన్నారి గడ్డ వస్తుంది, కృష్ణశారిబ పేరుతో నల్లతీగె వస్తుంది. ఎండి, ముక్కలు కొట్టాక, పొడి చేశాక తలపండిన మూలికల అంగడివాడు కూడా వాసన మీదే తేల్చాలి. పేరు కలిస్తే ఎంత ముప్పో బెల్జియం చెప్పింది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గే మందులో ఒక చైనా మూలిక బదులు దాదాపు అదే పేరున్న ఇంకో మూలిక పడింది. వంద మందికి పైగా ఆడవాళ్ళ మూత్రపిండాలు చెడిపోయాయి. అందులో పడింది అరిస్టోలోకియా ప్రజాతి మొక్క. మన కొండల్లో ఈశ్వరి తీగె అదే ప్రజాతిది. అది నన్నారిలో కలుస్తోందని నేను అనడం లేదు. కలిస్తే పట్టుకునే ఏర్పాటు లేదని అంటున్నాను. ఎండిన ముక్క నుంచి కూడా చిన్న డీఎన్‌ఏ వరస చదివి జాతిని తేల్చే బార్‌కోడింగ్ మీ చేతిలో ఉంది.

5. గుర్తులు దొంగలకు దారి చూపుతాయి. పరిశోధన పత్రాల్లో నమూనాలు తీసిన చోట్లను అక్షాంశ రేఖాంశాలతో సహా పట్టిక వేస్తారు. అలా వెయ్యాలన్నది శాస్త్రం నియమమే. కానీ ఇవి ఎర్రచందనం కొండలు. ఏ మొక్క ఎక్కడుందో కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందో మాకు బాగా తెలుసు. మా పెద్దాయన తన బిడ్డలకు తప్ప ఎవరికీ చూపించని ఒక చరియను మీ విద్యార్థికి నమ్మకంతో చూపించాడు.

ఇంత రాసి, మార్కర్లు అన్నీ చెబుతాయన్న భ్రమ నాకు లేదని కూడా చెప్పాలి. మీరు చూసే గాట్లు చాలావరకు ఏ గుణానికీ సంబంధం లేని చోట్లలోవి. వాటిని బట్టి ఏ గడ్డకు మందు గుణం ఎక్కువో చెప్పలేరు. మా వాళ్ళు ఒక వాలు గడ్డ ఘాటు, ఒక వాలు గడ్డ చప్పన అంటారు. అది వంశమో, మట్టో, తవ్విన కాలమో తేలాలంటే రసాయన పరీక్ష కావాలి, అన్ని కొండల విత్తనాన్నీ ఒకే మడిలో పెంచి చూడాలి. మార్కర్లూ, వాసన పదార్థం కొలతా, ఆ మడీ మూడూ కలిస్తేనే మా వాళ్ళ మాట ఎంత నిజమో తెలుస్తుంది. ఆ మూడూ ఒక్కచోట చేసిన పని ఏదీ మా ఊరిదాకా రాలేదు.

ఇక హక్కు సంగతి. 2002 జీవవైవిధ్య చట్టం ఊరూరా యాజమాన్య కమిటీలు పెట్టమంది, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయమంది. మేము రాశాం. 41వ సెక్షను ప్రకారం కమిటీ పరిధిలోని జీవవనరుల వాడకం మీద నిర్ణయం తీసుకునేటప్పుడు జాతీయ జీవవైవిధ్య సంస్థా, రాష్ట్ర జీవవైవిధ్య మండళ్ళూ కమిటీని సంప్రదించాలి. మన దేశపు పరిశోధకుడు చదువు కోసం ఆకు కోసుకోవడానికి చట్టం పెద్దగా అడ్డు చెప్పదు. చెప్పకూడదు కూడా, చదువు ఆగకూడదు. అడ్డు లేదంటే బాధ్యత లేదని అర్థమా? 2012 అక్టోబరులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు హైదరాబాదులోనే జరిగింది. లాభాలు పంచుకోవడం మీద ఉన్న నగోయా ఒప్పందాన్ని భారతదేశం ఆ రోజుల్లోనే ఆమోదించింది. నేను ఆ వార్తలు బోర్డు మీద రాసి పదో తరగతి పిల్లలకు చెప్పాను. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన ప్రపంచ జీవవైవిధ్య ఒప్పందం జాతుల లోపలి జన్యు వైవిధ్యాన్ని కూడా కాపాడాలంది. సంతానం ఇవ్వడంలో నిజంగా పాలుపంచుకునే మొక్కల లెక్క 500 దాటిన గుంపులు మొత్తంలో ఎంత వంతు ఉన్నాయన్నది దానికి కొలతల్లో ఒకటి. మా గుట్టల్లో ఆ లెక్క ఎంతో మాకు తెలియాలి. 2023లో చట్టాన్ని సవరించి వైద్యులకూ, గ్రంథాల్లో ఉన్న జ్ఞానానికీ, తోటలో పెంచిన మూలికలకూ మినహాయింపులు ఇచ్చారు. తోటలో పెంచినదని చూపించాలంటే మూలం తెలిపే పత్రం మా వంటి కమిటీ నుంచే రావాలి. సంచిలో గడ్డ తోటదో కొండదో పోల్చి చూసే ఆధారం లేకుండా మేము ఏ ధైర్యంతో సంతకం పెట్టాలి? కొండ కొండకూ మార్కర్ల పట్టిక ఒకటి ఉంటే ఆ పోలిక సాధ్యం.

ఇచ్చిపుచ్చుకోవడం జరగని పని కాదు. కేరళలో అగస్త్య కొండల మీద 1987 డిసెంబరులో కాణి గిరిజనులు దారి చూపిస్తూ, అలసట తెలియకుండా ఉండటానికి తాము తినే చిన్న మొక్క కాయలు శాస్త్రవేత్తలకు పెట్టారు. అది ఆరోగ్యపచ్చ. తిరువనంతపురం ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ దానితో జీవని అనే మందు తయారుచేసి, 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు పది లక్షల రూపాయల రుసుమూ, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీకి ఇచ్చింది. అందులో సగం కాణి వాళ్ళకు అని రాసుకున్నారు. వాళ్ళ ట్రస్టు 1997లో ఏర్పడింది. ఆ కథలో తర్వాత చిక్కులు వచ్చాయి, అడివి నుంచి ఆకు కోయడం మీదే తగాదా అయింది. అయినా దారి చూపించినవాడికి వాటా ఉందని ముప్పై ఏళ్ళ కిందటే ఒక సంస్థ ఒప్పుకుంది. మేము ఇప్పటికి డబ్బు వాటా కూడా అడగడం లేదు. తెలిసినదాన్ని చెప్పమంటున్నాం.

మా డిమాండ్లు:

1. 2018లో మా కొండ నుంచి తీసుకెళ్ళిన ఆకుల మీద ఏం తేలిందో, ఏమీ తేలకపోతే ఆ మాటే, రాతపూర్వకంగా మా కమిటీకి తెలియజేయాలి. పని సగంలో ఆగితే ఎందుకు ఆగిందో చెప్పండి. ఆ విద్యార్థిని తప్పుపట్టమని కాదు. నిధులు ఆగిపోవచ్చు, చదువు ముగిసి వేరే ఊరు పోవచ్చు. కానీ నమూనాలు సంస్థవి, జవాబుదారీ సంస్థదే.

2. ఇకమీదట ప్రభుత్వ నిధులతో కొండ మూలికల నమూనాలు తీసే ప్రతి పరిశోధనకూ ఒక నిబంధన పెట్టాలి. మొదలుపెట్టే ముందు కమిటీకి తెలియజేయాలి, ముగిశాక నాలుగు పేజీల తెలుగు నివేదిక ఇవ్వాలి, ఒక రోజు వచ్చి గ్రామసభలో చెప్పాలి. చివరి విడత నిధులు ఆ పని పూర్తయ్యాకే విడుదల చేయాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

3. శేషాచలం, పాలకొండలు, వెలిగొండలు, నల్లమల, ఆ పైన తూర్పు కనుమల్లో నన్నారి ఉన్న ప్రతి వరసనూ కలిపి ఒకే పద్ధతిలో, ఒకే మార్కర్లతో పటం గీయాలి. తిరుపతి, కడప, అనంతపురం విశ్వవిద్యాలయాల్లో వృక్షశాస్త్రం తెలిసినవాళ్ళున్నారు, హైదరాబాదులో యంత్రాలున్నాయి. ఒకరు ఆర్‌ఏపీడీతో, ఇంకొకరు ఐఎస్‌ఎస్‌ఆర్‌తో, ఎవరికి దగ్గరైన గుట్టల్లో వాళ్ళు చేసుకుంటే ఆ ముక్కలు ఒకదానితో ఒకటి అతకవు. నన్నారితో మొదలుపెట్టి, నల్లమల పేరే పెట్టుకున్న నేలవేము జాతి వంటి, ఈ కొండల్లో తప్ప లేని మూలికలకు తర్వాత విస్తరించండి.

4. నర్సరీలో ప్రతి విత్తన సంచి మీద ఏ కొండ, ఏ వాలు, ఎన్ని తల్లి తీగెలు అన్నది రాయాలి. ఒకే తల్లి సంతానాన్నీ, టిష్యూకల్చర్ నకళ్ళనూ అడివిలో నాటకూడదు. వాటిని తోటలకు ఇవ్వండి. తోటలు పెరిగితే కొండ మీద ఒత్తిడి తగ్గుతుంది, అదీ మంచిదే. అడివిలో నాటేదానికి మాత్రం ఆ కొండ విత్తనమే, వీలైనన్ని ఎక్కువ తీగెల నుంచి తీసి కలిపినది కావాలి. ఏ గుంపు మరీ చిక్కిపోయిందో మార్కర్లు చూపిస్తే అక్కడికి పక్క గుట్ట విత్తనం తేవచ్చా లేదా అన్నది శాస్త్రవేత్తలు చెప్పాలి, కాంట్రాక్టరు కాదు.

5. నమూనాలు తీసిన చోట్ల కచ్చితమైన గుర్తులు బయటి పత్రాల్లో వేయకూడదు. మండలం పేరు వరకు చాలు. అసలు పట్టిక అటవీ శాఖ దగ్గరా, కమిటీ దగ్గరా ఉండాలి.

6. మూలికలు కొనే కంపెనీలు శారిబ, నన్నారి సరుకుకు బార్‌కోడింగ్ పరీక్ష చేయించేలా ఔషధ నియంత్రణ అధికారులు చూడాలి. చిన్న షర్బత్తు తయారీదారుల మీద ఈ ఖర్చు వేయవద్దు. ఇంట్లో పొయ్యి మీద పాకం కాచి సీసాల్లో పోసి అమ్ముకునే కుటుంబాలు అవి. వాళ్ళకు జిల్లాలో ఒకచోట ఉచితంగా పరీక్షించే ఏర్పాటు చేయండి.

7. దారి చూపించినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఒప్పుకుంటే, పరిశోధన పత్రంలో రాయాలి. నడిచిన రోజులకు కూలి ఇవ్వాలి. మా పెద్దాయన నాలుగు రోజులు నడిచి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇవ్వబోతే ‘చదువుకునే బిడ్డ, వద్దు’ అన్నాడు. ఆయన మంచితనం మీద మీ పద్ధతి నిలబడకూడదు.

ఇందులో కొత్త చట్టం కావలసింది ఏదీ లేదు. రెండు మూడు ఉత్తర్వులూ, ఒక ఉమ్మడి ప్రాజెక్టూ, మీలో కొందరి పూనికా చాలు. మేము చేయగలిగింది చేస్తాం. ఏడు గుట్టల్లోనూ మిగిలిన తీగెలను మా పిల్లలు పోయిన ఏడు లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాశారు. కాయ ఎప్పుడు పగులుతుందో చూసి, పింజె గాలికి పోకముందే తీగె తీగెకూ విడిగా విత్తనం తీసి, కాగితం పొట్లాల్లో కట్టి పెడతాం. ఈ విత్తనం ఎక్కువ కాలం మొలకశక్తి నిలుపుకోదని మీకు మాకంటే బాగా తెలుసు. కాబట్టి కాయ పగిలే లోపు ఎవరు వస్తారో, ఏ రోజు వస్తారో చెప్పండి. పెద్దాయన మనవడు ఆ దారులన్నీ నేర్చుకున్నాడు, వాడు ముందు నడుస్తాడు.

ఇట్లు,
పాలకొండల కింది ఒక గ్రామ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ సభ్యుడు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు